హనోయ్‌లో నిన్నటి సంగతి చెప్పడం

గెస్ట్‌హౌస్ మెట్లు దిగి మీరింకా వీధిలో కాలు పెట్టనే లేదు, ప్రశ్న ఎదురొస్తుంది.

"చౌ అన్ సాంగ్ చుఅ?"

అక్టోబరు ఉదయం. చలి లేదు, ఉక్కపోత లేదు. ఏడాది మొత్తమ్మీద హనోయ్ మనిషిని కాస్త కనికరించే రోజులివి. కింద గదిలో స్కూటర్లు వరసగా నిలిపి ఉన్నాయి. వాటి మధ్యలోంచి పక్కకి తిరిగి నడిచొస్తే గుమ్మం దగ్గర ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద ఇంటావిడ కూర్చుని తూటికూర కాడల్ని నిలువునా సన్నగా చీలుస్తోంది. చీల్చిన కాడ నీళ్ళ గిన్నెలో పడగానే చుట్ట చుట్టుకుంటోంది. అరవై దాటిన మనిషి, మీకు పెద్దమ్మ వరస. మిమ్మల్ని ఆవిడ పేరు పెట్టి పిలవదు, నువ్వు అనీ అనదు. 'చౌ' అంటుంది. తోబుట్టువుల పిల్లల్నీ, మనవల్నీ పిలిచే మాట అది. ఈ ఊళ్ళో పరాయివాళ్ళకి కూడా ముందు వరస కలిపి, ఆ తరవాతే మాట్లాడతారు. ఆ పద్ధతి మనకేం కొత్త కాదు.

'అన్' అంటే తినడం. 'అన్ సాంగ్' అంటే పొద్దుటి తిండి తినడం. మరి తిన్నావా అని ఎక్కడ అడిగింది?

తెలుగు బుర్ర వెంటనే క్రియకి తోక వెతుకుతుంది. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తింది, తిన్నారు. ఆ తోకలోనే మనకి మనిషీ కాలమూ రెండూ ఉంటాయి. ఇక్కడ తోక లేదు. నేను తిన్నా 'అన్', నువ్వు తిన్నా 'అన్', మొన్న తిన్నా రేపు తినబోయినా అదే 'అన్'. క్రియ కదలదు, మెదలదు. వాక్యం చివరున్న చిన్నముక్క 'చుఅ' పనంతా చేస్తోంది. అయిందా, ఇంకా కాలేదా అని అడిగేది అదే.

కడుపు ఖాళీ అయితే మీ జవాబు "చుఅ ఆ". ఇంకా లేదండీ. ఆ చివరి 'ఆ'ని గొంతులోకి దించి టక్కున ఆపాలి. మన 'అండీ' లాంటి మర్యాద అది. దక్షిణాన సైగాన్ వైపు ఈ 'ఆ' కన్నా ముందే చేరే 'యా' ఎక్కువ వినిపిస్తుంది, "యా చుఅ" అంటారు. తినేసి ఉంటే "జోయ్ ఆ". అయిందండీ. ఈ జ మన జడలోనిది, జొన్నలోనిది. జలంలోది కాదు. రాయడానికి ర రాసి హనోయ్ వాళ్ళు జ అంటారు, సైగాన్ వాళ్ళు ర అనే అంటారు.

'ఖోంగ్' అనే మాట ఒకటుంది, లేదు, కాదు అని చెప్పడానికి. గైడు పుస్తకంలో ముందు కంటబడేది అదే కాబట్టి నాలుక దాని మీదికే పోతుంది. ఇక్కడ అది అతకదు. 'చుఅ' అని అడిగితే జవాబు 'జోయ్' కావాలి, లేదా 'చుఅ' కావాలి. ఈ తేడా మొదట తెలిసొచ్చేది తిండి దగ్గర కాదు, పెళ్ళి దగ్గర. పరిచయమైన పది నిమిషాల్లో పెళ్ళయిందా అని అడుగుతారు, అదీ 'చుఅ'తోనే. చుఅ అంటే ఇంకా కాలేదు, అవుతుంది అని. ఖోంగ్ అంటే సంబంధాలు చూసే దారి మూసేసినట్టు. మన 'తినలేదు' ఈ రెండు అర్థాలనీ ఒక్కటే మోస్తుంది, కావాలంటే ముందు 'ఇంకా' తగిలిస్తాం. వాళ్ళకి ఆ 'ఇంకా' విడిగా తగిలించేది కాదు, 'చుఅ' లోపలే ఉంది.

బయట వీధి అప్పుడే నిండిపోయింది. ఫుట్‌పాత్ నడవడానికి కాదు, బళ్ళు నిలపడానికీ వండడానికీ అన్నట్టుంది వ్యవహారం. సైకిలు కారియర్ మీద వెదురు తట్ట కట్టుకుని ఒకామె మలుపు దగ్గర నిలబడి ఉంది. కోమ్ అమ్ముతోంది. గింజ పాలు పట్టి ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే కోసిన జిగట వరిని వేయించి, దంచి చేసిన లేత ఆకుపచ్చ అటుకులు ఇవి. హనోయ్ శరదృతువుకి ఇదే వాసన. దోసెడు అటుకులు తామరాకులో పోసి, నాలుగు వైపులా మడిచి, వరిగడ్డి పరకతో ఒక్క ముడి వేస్తుంది. మీరు దగ్గరికి వెళ్ళేసరికి చివరి పొట్లం ముందున్నావిడ చేతికి పోయింది.

"హెత్ జోయ్!" అంటూ అరచేయి అటూ ఇటూ ఆడిస్తుంది.

అయిపోయాయి. మళ్ళీ 'జోయ్'. ఈ మాటని భూతకాలం గుర్తని నోట్‌బుక్కులో రాసుకోవాలని చెయ్యి దురద పెడుతుంది. ఒక్క పూట ఆగండి. బండి కుర్రాడు చెరువు దగ్గర దింపి "దెన్ జోయ్" అంటాడు. వచ్చేశాం. మీరు డబ్బులు లెక్కపెడుతుంటే 'హియు జోయ్' అని ఎవరో ఫోన్లో అంటుంటారు. అర్థమైంది. ఇంకెవరో 'మువన్ జోయ్' అంటారు. ఆలస్యమైంది. తినడం, చేరడం జరిగిపోయిన పనులే. కానీ ఆలస్యం జరిగిపోలేదు, ఇప్పుడే ఉంది. అర్థం కావడం కూడా ఇప్పుడున్న స్థితే. ఇంతకు ముందు లేనిది ఇప్పుడొచ్చి కూర్చుందని చెప్పడమే జోయ్ పని. మనం కూడా ఇప్పుడున్న ఆలస్యాన్ని 'ఆలస్యమవుతోంది' అని ఊరుకోం, 'ఆలస్యమైంది, ఆలస్యమైపోయింది' అంటాం కదా. ఆ చెవితో వింటే జోయ్ తేలిగ్గా లొంగుతుంది.

చెరువు పేరు హ్వాన్ కియెమ్. కత్తి తిరిగిచ్చిన చెరువు. థే హుక్ అనే ఎర్ర చెక్క వంతెన దాటితే చిన్న దిబ్బ మీద ఙోక్ సొన్ గుడి. మన అక్షరమాలలో బడి రోజుల తరవాత పనీపాటా లేకుండా కూర్చున్న ఙకి ఈ దేశంలో చేతినిండా పని. మాట మొదట్లోనే వస్తుంది, రోజుకి వందసార్లు వస్తుంది. వంతెన మొదట్లో ఒక టీచరమ్మ ఇరవైమంది పిల్లల్ని ఆపి కథ చెబుతోంది. మీరూ వెనక నిలబడండి.

"ఙయ్ సుఅ..." అని మొదలుపెడుతుంది. అనగనగా, పూర్వం రోజుల్లో.

ఆ ఒక్క మాటతో కాలం సంగతి తేలిపోయింది. ఇక ఆమె వెనక్కి చూడదు. లే లొయ్ కత్తి అరువు తెచ్చుకుంటాడు, మింగ్ చైనా సైన్యాలతో పోరాడతాడు, గెలుస్తాడు, 1428లో రాజవుతాడు, పడవెక్కి ఈ చెరువులో విహరిస్తాడు, బంగారు తాబేలు పైకొచ్చి కత్తి అడుగుతుంది, తిరిగిచ్చేస్తాడు. తెలుగులో నేనిలా వర్తమానంలో చెబితే అదొక కథనశైలి. ఆమె అలాంటి శైలేం పట్టలేదు. అరువు తెచ్చుకో, పోరాడు, గెలువు, తిరిగివ్వు అన్నట్టు మొండి క్రియలన్నీ వరసగా పేర్చుకుంటూ పోతోంది, మధ్యమధ్య రెండు పనుల మధ్య 'జోయ్' పెడుతోంది. అక్కడ జోయ్‌కి అర్థం 'ఆ తరవాత'. పిల్లలెవరికీ ఇది ఆరువందల ఏళ్ళ కిందటిదా, రేపటిదా అన్న అనుమానం రాలేదు. వాక్యం వాక్యానికీ భూతకాలం ముద్ర వెయ్యాలన్న అలవాటు మనదీ, ఇంగ్లీషు వాళ్ళదీ. వాళ్ళు సందర్భాన్ని ఒకసారి నిలబెట్టి, దాన్ని నమ్ముకుని ముందుకి పోతారు.

గుడి లోపల గాజుపెట్టెల్లో రెండు పెద్ద తాబేళ్ళు ఉన్నాయి. ఒకటి 1967లో చనిపోయింది. రెండోది 2016 జనవరిలో. ఊరంతా దాన్ని 'కు జుఅ' అనేది, తాబేలు ముత్తాతగారు అని. దాని ముందు నిలబడి ఎవరో మనవడికి చెబుతున్నారు, "కు జుఅ మత్ జోయ్". మత్ అంటే పోవడం. ఫోను పోయినా మత్, పెద్దలు పోయినా మత్. 'మా తాతగారు పోయారు' అన్నప్పుడు మన 'పోవడం' ఎంత మెత్తగా ఉంటుందో ఇదీ అంతే.

మధ్యాహ్నం భోజనానికి లే వాన్ హువు వీధి. బొగ్గుల మీద పంది మాంసం కాలుతున్న పొగ వీధి చివరికే వస్తుంది. బున్ చా తినే వేళ ఇది. కాల్చిన మాంసం ముక్కలు తియ్యగా పుల్లగా ఉండే చేపసాసు నీళ్ళలో తేలుతుంటాయి, పక్కన బియ్యపు సేమియా, గంపెడు ఆకులు. హువంగ్ లియెన్ అనే హోటలు ఇక్కడే. 2016 మేలో అమెరికా అధ్యక్షుడు ఒబామా, వంటల యాత్రికుడు ఆంథొనీ బోర్డెయిన్ వచ్చి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని తిని వెళ్ళారు. ఆ బల్లని గాజుగదిలో పెట్టి దాచారు. పక్క బల్ల ఆయన ముందు అడుగుతాడు, ఇంతకు ముందెప్పుడైనా బున్ చా తిన్నావా అని. "చౌ అన్ బున్ చా బావ్ జొ చుఅ?" బావ్ జొ అంటే ఎప్పుడు. చివర చుఅ చేరితే ఎప్పుడైనా అయింది. తినకపోతే "చుఅ బావ్ జొ", ఇంతవరకూ ఎప్పుడూ లేదు. తరవాత గాజుగది వైపు చూపుడువేలు పెట్టి అంటాడు:

"ఓంగ్ ఒబామా దా అన్ ఒ దై!"

ఒబామాగారు ఇక్కడ తిన్నారు. పొద్దుటినుంచి మీరు ఎదురుచూస్తున్న 'దా' ఇప్పటికి వినబడింది. పాఠ్యపుస్తకాలు మొదటి పేజీలోనే భూతకాలం గుర్తు అని ముద్రవేసి చేతిలో పెట్టేది దీన్నే. గొంతు పైకి ఎక్కుతూ మధ్యలో ఒక్క క్షణం తెగి, మళ్ళీ పైకి లేవాలి. ఈ భాషకున్న ఆరు స్వరాల్లో విదేశీయుల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. అయితే ఆయన ఎందుకు వాడాడో చూడండి. ఎప్పుడు తిన్నాడన్నది ఆయన చెప్పదలచుకోలేదు. తిన్న మాట నిజం, నువ్వు నమ్మినా నమ్మకపోయినా జరిగింది, అని బల్లగుద్ది చెబుతున్నాడు. పాతబస్తీలో 48 హాంగ్ ఙాంగ్ ఇంటి ముందు నిలబడి, 1945 సెప్టెంబరు 2న చదివిన స్వాతంత్ర్య ప్రకటనని హో చీ మిన్ ఇక్కడే రాశారు అని చెప్పేటప్పుడు కూడా 'దా' అలాగే గంభీరంగా అతుకుతుంది. శిలాఫలకాల్లో, పేపర్లలో, ఉపన్యాసాల్లో అది కావలసినంత దొరుకుతుంది. కూరలు కొనేటప్పుడు అంతగా దొరకదు.

ఇక సాయంత్రం చా దా దగ్గరికి రండి. చెట్టు కింద నాలుగు స్టూళ్ళు, ఒక చిన్న బల్ల, దాని మీద సీసాలో వేరుశనగ చిక్కీలు, నీళ్ళ గుడగుడతో లాగే లావుపాటి వెదురు పొగాకు గొట్టం. చా దా అంటే ఐసు టీ. ఈ దా వేరు, గొంతు తెగకుండా నేరుగా పైకి ఎక్కే దా. ఐసుగడ్డ అని, రాయి అని దాని అర్థం. మీ స్వరం తప్పినా ఐసు టీయే ఇస్తారు, భయం లేదు. మీరు నిలబడి ఉండడం చూసి తాతగారు స్టూలు ముందుకి తోస్తారు.

"ఙోయ్ ఉఅంగ్ నుఅక్ దా!"

కూర్చో, తాగు, నీళ్ళు, చివర దా. గొంతు తెగిన దా. అయితే కూర్చుని నీళ్ళు తాగానని చెబుతున్నారా? కాదు. 'ముందు కూర్చుని ఏదైనా తాగు, మిగతావి తరవాత' అంటున్నారు. వాక్యం చివరికి జారిన దా జరిగిపోయిన పని గురించి కాదు, ముందు జరగాల్సిన పని గురించి. రేపటి సంగతిలో కూడా వస్తుంది. 'రేపు నువ్వొచ్చేసరికి నేను వెళ్ళిపోయి ఉంటాను' అనాలంటే దా వాడతారు. అంటే దాకి నిన్నతో ప్రత్యేకమైన చుట్టరికమేం లేదు. ఒక పని ఇంకొకదాని కన్నా ముందే ముగిసిందని చెప్పడం దాని పని. వియత్నామీస్ భాషలో కాలం అనేదే వ్యాకరణంలో లేదని, ఉన్నది పని ఏ దశలో ఉందో చెప్పే పద్ధతి మాత్రమేనని భాషావేత్త కావ్ స్వన్ హావ్ గట్టిగా వాదించాడు. ఐరోపా భాషల మూసలో పోసిన వ్యాకరణాలతో ఆయనకి పెద్ద పేచీ. ఈ స్టూలు మీద పావుగంట కూర్చుంటే ఆయన మాటే నిజమనిపిస్తుంది నాకు.

తాతగారు మొదలుపెడతారు.

"చౌ దెన్ హనోయ్ బావ్ జొ?"

వాక్యం చివర బావ్ జొ. హనోయ్‌కి ఎప్పుడొచ్చావు? పోయిన సోమవారం వచ్చి ఉంటే "థు హాయ్ త్వన్ చుఅక్" అంటే చాలు. థు హాయ్ సోమవారం, త్వన్ చుఅక్ పోయిన వారం. క్రియే అక్కర్లేదు. ఆయన తలూపి, ఒక గుక్క తాగి, మళ్ళీ అడుగుతారు.

"బావ్ జొ చౌ వే?"

అవే మాటలు మళ్ళీ వినబడ్డాయి కదా అని మళ్ళీ పోయిన సోమవారం అనబోతారు. ఆగండి. బావ్ జొ ఈసారి వాక్యం మొదట్లో ఉంది. వే అంటే తిరిగి వెళ్ళడం. ఎప్పుడు వెళ్తావు? చివర ఉంటే జరిగిపోయినదాన్ని అడిగినట్టు, మొదట ఉంటే జరగబోయేదాన్ని అడిగినట్టు. 'ఖి నావ్' అనే ఇంకో 'ఎప్పుడు' కూడా ఇలాగే. ఎప్పుడొచ్చావు, ఎప్పుడొస్తావు అని మనం క్రియ చివర తిప్పే తాళాన్ని వాళ్ళు వాక్యంలో చోటు మార్చి తిప్పుతారు. ఈ భాషలో నాకు అన్నిటికన్నా అందంగా తోచిన ఏర్పాటు ఇది. చెవికి పట్టాలంటే మాత్రం ఇలాంటి తాతగారి పక్కన కూర్చోవలసిందే, పుస్తకంలో రెండు వాక్యాలూ పక్కపక్కన ఉంటే తేడా కంటికి ఆనదు.

"హోమ్ క్వా చౌ ది దౌ?" నిన్న ఎక్కడికెళ్ళావు?

"హోమ్ క్వా చౌ ది హా లోంగ్." నిన్న హా లోంగ్ వెళ్ళాను. హోమ్ క్వా అంటే నిన్న. ముందు నిన్నని నిలబెట్టారు, మొండి క్రియ పెట్టారు, ఊరి పేరు చెప్పారు, అయిపోయింది. మధ్యలో దా దూర్చినా తప్పు కాదు, వాళ్ళకి అర్థమవుతుంది. కాకపోతే నిన్న హా లోంగ్ వెళ్ళిన ముచ్చటని కోర్టులో సాక్ష్యంలా చెప్పినట్టుంటుంది. లేదనడానికి కూడా అంతే. "హోమ్ క్వా చౌ ఖోంగ్ ది", నిన్న వెళ్ళలేదు. అందులోంచి హోమ్ క్వా తీసేస్తే 'నేను వెళ్ళను' అవుతుంది. వెళ్ళలేదు, వెళ్ళను అనే మన రెండు మాటలకీ వాళ్ళది ఒకే మాట, తేడా అంతా నిన్నలోనే. వెళ్ళలేకపోవడానికి జ్వరమే కారణమైతే బి అనే ముక్క కలపండి, 'హోమ్ క్వా చౌ బి ఓమ్'. మనకి నచ్చనిది మన మీద పడితే బి, మంచిది దక్కితే దుఅక్. ఈ రెంటి గురించి మాట్లాడాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

పక్కనుంచి బ్రెడ్డు తట్టతో ఒకామె "వుఅ జా లో" అంటూ వెళ్తుంది. ఇప్పుడే పొయ్యిలోంచి తీసినవి. వుఅ అంటే ఇప్పుడే, అప్పుడే. వుఅ మొయ్ అన్నా అదే, ఇంకాస్త ఒత్తి చెప్పినట్టు. పట్టుకుంటే వేలు చురుక్కుమంటే నమ్మండి, లేకపోతే అది వుఅ కాదు.

ఇంతలో ఆకుల మీద టపటప. తాతగారు ఆకాశం కేసి చూడకుండానే అంటారు, "ముఅ జోయ్!" వాన పడి వెలిసిందని కాదు. ఇప్పుడే అందుకుంది. మనం కూడా తొలి చినుకు పడగానే 'వానొచ్చింది' అనే అంటాం, బట్టలు తీయడానికి పరిగెత్తుతూ. ఇప్పుడు మీ నోట్‌బుక్కు తెరిచి, పొద్దున రాయబోయి ఆగిన చోట జోయ్ పక్కన భూతకాలం అని రాయకుండా 'అయింది, వచ్చింది, మారింది' అని రాసుకోండి.

వియత్నామీస్ నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్ళకి ఒక్క సలహా. మొదటి నెల 'దా'ని వినండి, వాడకండి. నిన్న, మొన్న, పోయిన వారం, పోయిన ఏడు, ఇందాక అనే మాటలు ముందు నాలుక మీదికి తెచ్చుకోండి: హోమ్ క్వా, హోమ్ కియ, త్వన్ చుఅక్, నమ్ ఙ్వాయ్, లూక్ నయ్. వాటిలో ఒకదాన్ని వాక్యం ముందు పెట్టి క్రియని ఉన్నదున్నట్టు పలకండి. అడిగినదానికి జోయ్ అనో చుఅ అనో ఒక్క ముక్కలో జవాబివ్వండి, చివర 'ఆ' మరవకండి. ఇంటి దగ్గరా, సంతలోనూ, బండి మీదా దీంతో దాదాపు అన్ని పనులూ జరిగిపోతాయి. దా సంగతి పేపరు చదవడం మొదలుపెట్టినప్పుడు చూసుకోవచ్చు.